జానమ్మ కాళ్ళు

జానమ్మ కాళ్ళను నేను చాలా ఏళ్ళు అట్టముక్క మీదే చూశాను.

కోదాడలో బస్టాండు నుంచి లోపలికి వచ్చే రోడ్డు మీద మాది చెప్పుల దుకాణం. పేరు సుజాత ఫుట్‌వేర్. సుజాత నా భార్య. దుకాణానికి తన పేరు పెట్టినందుకు ఆమె ఏనాడూ మురిసిపోలేదు, "చెప్పుల మీద నా పేరా?" అని ఇప్పటికీ సాధిస్తుంది. మా నాయన తోలు చెప్పులు కుట్టి బతికాడు. నేను డబ్బాల్లో వచ్చినవి అమ్ముకుంటున్నాను. కానీ ఏ డబ్బాలోనూ దొరకని కాళ్ళు కొన్ని ఉంటాయి. వాటి కోసం నాయన పనిముట్లు బల్ల కింద అలాగే ఉంచుకున్నాను. చుట్టుపక్కల ఊళ్ళలో పట్నం రాని ముసలివాళ్ళు, ఆడవాళ్ళు ఉంటే, ఇంట్లోవాళ్ళు ఒక అట్టముక్క మీద వాళ్ళ కాళ్ళు పెట్టించి, చుట్టూ బొగ్గుతో గీత గీసి నాకు తెచ్చిస్తారు. ఆ గీతను చూసి నేను చెప్పు కుడతాను. మనిషి రానక్కర్లేదు, కాళ్ళు వస్తే చాలు.

అట్లా ఒకసారి పాపయ్య మామ విత్తనాల డబ్బా చింపిన అట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. మామ అంటున్నాను గానీ చుట్టరికమేమీ లేదు. ఆయన మా నాయన దగ్గర చెప్పులు కుట్టించుకున్నవాడు, ఆ వరసే నాకూ వచ్చింది. అట్ట మీద గీత చూసి నాకు నవ్వాగలేదు.

"ఇవి కాళ్ళా మామా, చేటలా?"

"నవ్వకురా అల్లుడా. మా జానమ్మయి. ఆ చేటల మీదనే నా సంసారం నిలబడ్డది," అన్నాడాయన.

నిజంగానే పెద్ద పాదాలు. వేళ్ళన్నీ విడివిడిగా విచ్చుకొని ఉన్నాయి. నాట్లు వేసే ఆడవాళ్ళ కాళ్ళు అలాగే అవుతాయి, బురదలో జారకుండా వేళ్ళతో నేలను పట్టుకొని పట్టుకొని. ఎడమ కాలికి చిటికెన వేలు దగ్గర గీత లోపలికి తిరిగింది. అక్కడ వేలు లేదు. చిన్నప్పుడు వరి కోస్తుంటే కొడవలి తగిలిందట. నేను మనుషుల్ని కాళ్ళ నుంచి మొదలుపెట్టి చూస్తాను, అదొక జబ్బు నాకు. కొందరి విషయంలో ముఖం దాకా పోయే అవసరమే పడదు. జానమ్మను నేను అలాగే ఎరుగుదును. ఏటా వానలకు ముందు ఆ అట్ట కొలతతో ఒక జత కుట్టేవాణ్ణి. ఏటా మామ వచ్చి, "బిగుతైనయట, ఈసారి జర వదులు పెట్టు" అని చెప్పి తీసుకుపోయేవాడు.

వాళ్ళ ఊరు కట్టకిందిగూడెం. కోదాడ నుంచి మిర్యాలగూడ పోయే దారిలో వాగు దాటి లోపలికి పోవాలి. పేరుకు తగ్గట్టే ఊరు చెరువు కట్ట కిందే ఉంటుంది. కట్టకు లోపలి వైపు, నీళ్ళకు ఎదురుగా, రాతి పేర్పులో ఒక నిలువు రాయి ఉండేది. దాని మీద కత్తి పట్టుకున్న మనిషి బొమ్మ. ఎప్పుడో కట్టకు గండి పడితే ఆ గండిలో అడ్డం నిలబడి ప్రాణం విడిచినవాడని చెప్తారు. చదువుకున్నవాళ్ళు ఆ రాయిని వీరగల్లు అంటారు. ఊరివాళ్ళకు ఆయన ఈరన్న. దేవుడు అనడం కన్నా కావలివాడు అంటే సరిపోతుంది. "ఈరన్న కాళ్ళు తడిస్తే ఊరు లేవాలె" అన్న మాట అక్కడ పుట్టినవాళ్ళకు అమ్మా నాయనా అన్నంత చిన్నప్పుడే వస్తుంది. నీళ్ళు పెరిగి ఆ రాతి పాదాలను తాకాయంటే గొడ్డూ గోదా, పిల్లా జెల్లా అందరూ దిబ్బ మీది బడికి పోవాల్సిందే. తాకలేదంటే ఎంత వానైనా ఇంట్లో నిద్రపోవచ్చు. తొలి వానలకు ఆడవాళ్ళు వెళ్ళి ఆ పాదాలకు పసుపు రాస్తారు. ఆ పసుపు చెదిరిందా లేదా చూస్తే చాలు, చెరువు సంగతి తెలిసిపోతుంది.

కొన్నేళ్ళ కింద ప్రభుత్వం ఆ చెరువును చూసింది. ప్రభుత్వం ఒకదాన్ని చూసిందంటే ఆ తర్వాత దాన్ని మనం గుర్తుపట్టలేం. కట్టను మినీ ట్యాంక్‌బండ్ చేస్తామన్నారు. పైన సిమెంటు బాట, రెయిలింగు, బెంచీలు, లోపలి వైపు నీళ్ళలోకి దిగే మెట్లతో బతుకమ్మ ఘాటు. ఊరి పేరు మనిషెత్తు అక్షరాల్లో, పక్కన ఎర్ర గుండె బొమ్మ. ఆ పని జరుగుతుండగానే రాళ్ళ ఆఫీసు వాళ్ళూ వచ్చారు. అసలు పేర్లకు నా నోరు తిరగదు గానీ, చెరువులు చూసేదాన్ని నేను నీళ్ళ ఆఫీసు అంటాను, పాత కట్టడాలు చూసేదాన్ని రాళ్ళ ఆఫీసు అంటాను. ఈరన్న వందల ఏళ్ళ నాటి వాడని, నీళ్ళకు నాని పాడైపోతున్నాడని, కాపాడుకోవాలని వాళ్ళు చెప్పారు. వాళ్ళను నేను తిట్టను. ఆ రాయి మీద వాళ్ళకు నిజంగానే ప్రేమ. క్రేన్ తెప్పించి, చుట్టూ పరుపులు కట్టి, బాలింత బిడ్డను ఎత్తినట్టు ఎత్తారట. నాచు గీకి, కడిగి, కట్ట పైన నల్ల గ్రానైటు దిమ్మె కట్టి, మనిషెత్తున నిలబెట్టారు. నెత్తిన గొడుగు లాంటి కప్పు, దానికొక సోలార్ లైటు, పక్కన నీలం బోర్డు.

ఊరంతా డప్పులు కొట్టించింది. పాపయ్య మామ ఎగిరాడు. జానమ్మ పులిహోర చేసి పంచింది. "ఇన్నాళ్ళకు మా ఈరన్నకు నీడ దొరికింది" అని కళ్ళు తుడుచుకుందని మామ నాకు దుకాణంలో కూచొని చెప్పాడు. మరుసటి వానలకు ఆడవాళ్ళు స్టూలు వేసుకొని ఎక్కి మరీ ఆ పాదాలకు పసుపు రాశారు.

ఆ పాదాలు ఇప్పుడు కట్ట కన్నా పైన ఉన్నాయని, చెరువు పొర్లి ఊరి మీద పడ్డా అవి తడవవని ఒక్కరికి కూడా తోచలేదు. ఎత్తిన ఆఫీసుకు ఆ మాట తెలియదు. మాట తెలిసిన ఊరేమో మొక్కడంలో పడి, ఎంత ఎత్తుకు పోయిందో చూసుకోలేదు. మనవాళ్ళంతే. ఎవరినైనా పైకెక్కించామంటే ఇక ఆయన మనకు కిందున్నప్పుడు చేసిన పని మర్చిపోతాం.

పోయిన సంవత్సరం భాద్రపదంలో వాన పట్టుకుంది. అందరికీ గుర్తుండే వాన అది. కోదాడలోనే కాలనీలు చెరువులయ్యాయి. ఆ పొద్దున మామ యూరియా కోసమూ, ఆ ఏడు నేను ఆలస్యంగా కుట్టిన జానమ్మ చెప్పుల కోసమూ మొదటి బస్సుకు వచ్చి నా దుకాణంలో చిక్కుకుపోయాడు. వాగు రోడ్డెక్కింది, బస్సులు ఆపేశారు. నేను షట్టరు సగం దించి టీ తెప్పించాను. ఆయన ఇంటికి ఫోన్ చేశాడు. చెవులు కాస్త మందం కాబట్టి ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతాడు.

"ఏమే, చెరువెట్లున్నదే?"

"నిండుకుండ లెక్కున్నది. ఇప్పుడే కట్ట మీదికి పోయి సూసొచ్చిన." ఆమె గొంతు గట్టి గొంతు, వానలో కూడా దుకాణమంతా వినిపించింది.

"ఈరన్న కాళ్ళు?"

"తడవలే. పొడిగనే ఉన్నయ్. నేను రాసిన పసుపు గూడ అట్లనే ఉన్నది. కొందరేమో బడికి పోదామంటుండ్రు. గీ వానల మేకలను ఏడికి కొట్టుకపోను?"

"కాళ్ళు తడవకుంటె ఎందుకు పోవుడు? ఇంట్లనే ఉండు. నీ చెప్పులు తీసుకున్న. వాగు తగ్గంగనే వస్త."

"ఈసారన్న వదులుగ కుట్టిండా ఆ పిలగాడు?"

"కుట్టిండే," అని మామ నా వైపు చూసి నవ్వాడు. ఆ పిలగాడు అంటే నేను. నలభై దాటి, ఇద్దరు బిడ్డల తండ్రినైన నన్ను పిలగాడు అన్న మనిషి అప్పటికి ఆమె ఒక్కతే. ఆ మాట నాకు భలే నచ్చింది.

మధ్యాహ్నానికి కట్ట తెగింది. ఎందుకు తెగిందో ఇప్పటికీ ఒక్కో ఆఫీసు ఒక్కో కారణం చెప్తుంది. స్లాబు ఇళ్ళున్నవాళ్ళు మేడలెక్కారు. కింది వాడలో నీళ్ళు ముందు వచ్చాయి. జానమ్మ మేకల తాళ్ళు విప్పుతూ ఉందట. మేకలు ఈదుకుంటూ దిబ్బ ఎక్కాయి.

మరునాడు వాగు దాటనిచ్చాక నేను మామను బండి మీద తీసుకుపోయాను. ఊరి ముందు మోకాలి లోతు ఒండ్రు. పత్తి చేలో దొరికిందామె. ముఖం మీద బట్ట కప్పి ఉంచారు, కాళ్ళు మాత్రం బయటికి ఉన్నాయి. ఎడమ కాలికి చిటికెన వేలు లేదు. ఇన్నేళ్ళు అట్ట మీద చూసిన కాళ్ళను అప్పుడు మొదటిసారి చూశాను, చూసి పసివాడిలా ఏడ్చాను. ముత్తయిదువ చావు కదా, పూడ్చిపెట్టే ముందు కాళ్ళకు పసుపు రాయమని గిన్నె మామ చేతికిచ్చారు. ఆయన రాస్తూ రాస్తూ ఆగి, ఆ పాదాలు రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"నీ కాళ్ళు తడిసినయి గదనే," అన్నాడు. "ఆయన కాళ్ళే తడవలే."

అక్కడున్నవాళ్ళందరం తలెత్తి కట్ట వైపు చూశాం. అప్పుడు తెలిసింది అందరికీ. కట్ట తెగింది గానీ, దిమ్మె ఉన్నచోట తెగలేదు. ఈరన్న కత్తి పట్టుకొని పొడిగా నిలబడి ఉన్నాడు, పాదాల మీద జానమ్మ రాసిన పసుపు మేమున్న చోటి నుంచే కనబడుతోంది. పొద్దు గూకగానే సోలార్ లైటు కూడా వెలిగింది. ఆ వారమే పేపర్లో ఫొటో వేశారు, వరదకు చెక్కుచెదరని వారసత్వ సంపద అని. ఆ కాగితాన్ని నేను ఎవరివో చెప్పులు చుట్టి పంపించేశాను, మామ కంట పడకుండా.

దినాలయ్యాక మామ దుకాణానికి వచ్చాడు. చేతిలో ఆ కొత్త చెప్పుల సంచి అలాగే ఉంది. వాపసు తీసుకొమ్మంటాడేమో అనుకున్నాను. ఆయన సంచి కింద పెట్టి వేరే మాట అన్నాడు.

"ఈరన్నను కిందికి దింపాలె అల్లుడా. ఎన్కటి జాగల. మల్లొచ్చే వానల లోపల."

"గండి పూడుస్తున్నరు కద మామా. ఊరోళ్ళకు నువ్వే చెప్పు, ఆ కాళ్ళను నమ్మొద్దని."

"చెప్తిని. అందరు తలకాయలూపిండ్రు. మొన్న జర వాన పడంగనే నలుగురాడోళ్ళు కట్ట మీదికి ఉరికిండ్రు, ఆ పైన కాళ్ళు సూడనీకి. సూసొచ్చి మా తమ్ముని కోడలు పిల్ల ఏమన్నదో ఎర్కనా? పొడిగనే ఉన్నయ్ మామా, పండుకో అన్నది." ఆయన సంచి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "అలవాటురా. నాయినమ్మ చెప్పింది అట్ల పోదు. జానమ్మ పోయింది సరే. ఇంకొగలు పోవద్దు."

అలా మొదలైంది ఆయన తిరుగుడు. నీళ్ళ ఆఫీసు మిర్యాలగూడలో. రాళ్ళ ఆఫీసు సూర్యాపేటలో. కాళ్ళరిగేలా తిరిగాడు అని మాటవరసకు అంటారు గానీ, ఆయన చెప్పుల మడమలు అరిగితే మార్చింది నేను. కొన్నిసార్లు దుకాణం సుజాతకు వదిలి నేనూ వెంట పోయాను.

నీళ్ళ ఆఫీసులో ఇంజనీరు చంద్రమౌళి సారు. పాలిష్ పెట్టిన బూట్లు, ఒక దానికి లేసు తెగితే ఫైళ్ళు కట్టే ట్వైన్ దారం కట్టుకున్నాడు. అది చూసి నాకు ఆయన మీద కోపం సగం తగ్గింది. చెప్పింది ఓపిగ్గా విన్నాడు.

"పెద్దాయనా, కట్ట మాది. కట్ట మీద రాయి మాది కాదు. నేను ముట్టుకుంటే నా ఉద్యోగం పోతది," అన్నాడు. "గండి పూడ్చినంక నీటిమట్టం బోర్డు పెడుతున్నం. మీటర్లు రాసి ఉంటయ్. ఎర్ర గీత దాటితే డేంజర్."

"అది ఎవరు సూడాలె సారూ?"

"మా వర్క్ ఇన్‌స్పెక్టర్ చూస్తడు."

"ఆయన ఏ ఊర్లుంటడు?"

"హాలియా."

మామ నా ముఖం చూశాడు. "హాలియాల ఉన్నోనికి మా కాడ గీత దాటింది ఎట్ల తెలుస్తది?"

"ఎవరన్నా ఫోన్ చేస్తరు కదా."

"ఎవరు సారూ?"

సారు పెన్ను మూత పెట్టి తీశాడు. చెడ్డవాడు కాదు. ఆయన కింద చెరువులు బోలెడు, మనుషులు బొటాబొటి. బోర్డు మాత్రం నిజంగానే పెట్టించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, కానీ ఆకులైనా పట్టుకున్నాడు.

రాళ్ళ ఆఫీసులో రూప మేడం. చిన్న వయసు, కాన్వాసు బూట్లకు ఎర్రమట్టి. అంటే గదిలో కూచునే మనిషి కాదు. మమ్మల్ని కూచోబెట్టి నీళ్ళిచ్చి, కంప్యూటర్లో ఈరన్న ఫొటోలు చూపించింది. ముందు ఎలా ఉండేవాడు, ఇప్పుడు ఎలా ఉన్నాడు. నాచు పట్టిన కత్తి ఇప్పుడు నిగనిగలాడుతోంది.

"చూడండి తాతా, నీళ్ళల్లో ఇంకో వందేళ్ళుంటే ఈ ముఖం మిగిలేది కాదు. తేమకు రాయి పొరలు పొరలుగా ఊడిపోతుంది. అందుకే పైకి తీశాం. మళ్ళీ నీళ్ళ పక్కన పెట్టడానికి రూల్స్ ఒప్పుకోవు."

"తడవనీకేనమ్మా ఆయనను ఆడ నిలబెట్టింది," అన్నాడు మామ.

ఆ పిల్ల మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. మామ జానమ్మ సంగతంతా చెప్పాడు, ఫోన్లో మాటలతో సహా. రూప మేడం వింటూ వింటూ ఆ ఫొటోలు మూసేసింది. "మేం ఎత్తినప్పుడు ఎవరూ చెప్పలేదు తాతా ఇది," అంది మెల్లగా. "మీరడిగిండ్రా బిడ్డా?" అన్నాడు మామ, కోపంగా కాదు. ఆమె ఒక కాగితం తీసి అంతా రాసుకుంది. పైవాళ్ళకు రాస్తానంది, రాసింది కూడా. కాకపోతే రాయి దింపాలంటే కట్టలో కొంత తవ్వాలి, కట్ట తవ్వాలంటే నీళ్ళ ఆఫీసు ఒప్పుకోవాలి. నీళ్ళ ఆఫీసు ఒప్పుకోవాలంటే రాయిని కదిలించడానికి రాళ్ళ ఆఫీసు ముందు అనుమతి ఇవ్వాలి. అమ్మ పెట్టదు, అడుక్కుతిననివ్వదు. చలికాలం పోయింది, ఎండలు వచ్చాయి. గండి పూడింది, రెయిలింగుకు మళ్ళీ రంగు వేశారు, గుండె బొమ్మకు కూడా. ఈరన్న మాత్రం పైనే ఉన్నాడు.

రోహిణి ఎండల్లో ఒక రోజు మామ వచ్చి, చెమట కూడా తుడుచుకోకుండా అడిగాడు.

"అల్లుడా, మా జానమ్మ కాళ్ళు నీ దగ్గరున్నయా?"

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి గోడ దగ్గరికి పోయాను. అట్టలన్నీ నేను దారానికి గుచ్చి గోడ మేకుకు తగిలిస్తాను. చనిపోయినవాళ్ళవి తీసేయడం మా నాయన అలవాటు, నాకు చెయ్యి రాదు. వెతికి తీసి దుమ్ము దులిపి ఇచ్చాను. విత్తనాల డబ్బా అట్ట, బొగ్గు గీత, ఎడమ కాలికి వేలు లేని చోటు. మామ దాన్ని బల్ల మీద పెట్టుకొని, ఆ గీతల లోపల తన అరచేతులు ఆనించాడు.

"ఇంట్ల ఏం మిగలలే. ఫొటో గూడ లేదు, ఆధార్ కార్డుల బొమ్మ తప్ప. అండ్ల మనిషి మనిషి లెక్క లేదు," అన్నాడు.

"ఏం చేస్తవ్ మామా దీన్ని?"

"ఈరన్న రాడట. ఆయన పెద్దోడయిండు. జానమ్మను నిలబెడత."

రోళ్ళు చెక్కే మైసయ్య వాళ్ళ ఊరివాడే. ఘాటు పక్కన ఈరన్న పాత చోటు సిమెంటుతో మూసేశారు గానీ, దాని పక్కనున్న రాతి మీద పసుపు మరక ఇంకా ఉంది. ఎన్ని తరాల ఆడవాళ్ళు పాదాలకు రాసి చేతులు దానికి తుడుచుకున్నారో, కడిగినా పోలేదు. ఆ మరక ఎత్తుకే అట్ట ఆనించి, బొగ్గుతో గీసి, మైసయ్య పట్టపగలే చెక్కాడు. నన్ను కూడా పిలిచారు. పాదాలు అచ్చంగా దిగాయి, వేళ్ళు విచ్చుకొని, ఎడమ చిటికెన వేలు లేకుండా. మైసయ్య ఆ వేలు కూడా పెట్టబోయాడు, రాతిలో అవిటి ఎందుకని. మామ ఉలి పట్టుకున్నాడు.

"అది లేకుంటెనే అది జానమ్మ," అన్నాడు.

తొలి వాన పడ్డాక ఆడవాళ్ళు వచ్చి ఈ పాదాలకు పసుపు రాశారు. ఒకరిద్దరు తటపటాయించారు, చచ్చిపోయిన మనిషి కాళ్ళు కదా అని. ఈరన్న మాత్రం బతికి ఉన్నాడా అన్నాను నేను. మామ ఆ కొత్త చెప్పుల జత తెచ్చి పై మెట్టు మీద విడిచినట్టు పెట్టాడు. నీళ్ళలోకి దిగేవాళ్ళు చెప్పులు పైనే విడిచిపోతారు కదా. నా చేతి కుట్టు, వదులుగా కుట్టిన జత. దాన్ని అక్కడ చూడలేక నేను వేరే వైపు తిరిగాను.

ఎవరో చెప్పినట్టున్నారు, అదే రోజు రూప మేడం జీపులో వచ్చింది. "ఇది రక్షిత స్థలం. ఎవరు చెక్కారు?" అంటూ మెట్లు దిగబోయి, ఆ చెప్పుల దగ్గర ఆగింది.

"నేనే చెక్కిచ్చిన. కేసు పెట్టుండ్రి బిడ్డా. గని చెరపకుండ్రి," అన్నాడు మామ.

ఆమె పాదాలను చూసింది, పైన దిమ్మె మీది ఈరన్నను చూసింది. బూట్లు విప్పి జానమ్మ చెప్పుల పక్కన పెట్టి, కిందికి దిగి, కాసేపు నీళ్ళ వైపు చూస్తూ నిలబడింది.

"చెక్కారని నేను రాయక తప్పదు తాతా," అంది చివరికి. "చెరపమని మాత్రం రాయను."

అన్నట్టే మామకు నోటీసు వచ్చింది. చెరపమన్న కాగితమేదీ రాలేదు. ఆ పిల్లను ఆ తర్వాత వేరే జిల్లాకు మార్చారని విన్నాను. ఆమె రాసినందుకో, రాయనందుకో తెలియదు.

మొన్న మళ్ళీ వాన పట్టుకుంది. ముసురు కాదు, పోయినేడు లాంటిదే, కుండపోత. తెల్లవారి దుకాణం తీశాను గానీ బేరం లేదు, రోడ్డు మీద నరమానవుడు లేడు. మామ పోయిన సంవత్సరం కూచున్న స్టూలు అలాగే ఉంది. నేను కూచోలేకపోయాను. ఫోన్ తీసి చేశాను. చాలాసేపు మోగింది. ఎత్తేసరికి నా నోటి వెంట ఇంకే మాటా రాలేదు, ఆయన ఆనాడు అడిగిన మాటే వచ్చింది.

"మామా, కాళ్ళు?"

"తడిసినయ్ అల్లుడా." స్పీకరులో మేకల అరుపులు, పిల్లల గోల, ఎవరో పేర్లు పెట్టి పిలుస్తున్నారు. "తెల్లారంగనే తడిసినయ్. మా కోడలే సూసి ఉరికొచ్చింది. ఒక్క మాటకు ఊరంత లేసింది. బడి కాడున్నం."

"అందరొచ్చిండ్రా?"

వెనక ఆ పేర్లు పిలవడం అయ్యేదాకా ఆయన ఆగాడు.

"అందరం వచ్చినం," అన్నాడు మామ. "అదొక్కతే ఆడ నీళ్ళల్ల నిలబడ్డది."